మువ్వన్నెల జెండాలో మన వాటా

ప్రతి ఆగస్టు 15న మన హత్నూరలో జెండా వందనం అయి, చాక్లెట్లు పంచేటప్పుడు పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. "చాచా, జెండాలో పచ్చరంగు మనదే కదా?" మనం అవునని తలూపి ఊరుకుంటాం. ఆ జవాబు సరైనదేనా? కొంచెం చరిత్ర తిరగేద్దాం.

కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు 1916లోనే జాతీయ జెండాపై పుస్తకం వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలకు గాంధీజీ వచ్చినప్పుడు ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా గీసి ఇచ్చారు. ఎరుపు హిందువులకు, పచ్చ ముస్లింలకు గుర్తు. మిగతా మతాల వారి కోసం గాంధీజీ తెలుపు చేర్పించారు. రాట్నం ఉండాలన్న సలహా జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌గారిది. అంటే ఆనాటి లెక్కన పిల్లల మాట నిజమే.

కాని వాటాలు పంచితే తగాదాలు రాక మానవు. మా రంగేదని సిక్కు సోదరులు అడిగారు. 1931లో కాంగ్రెసు ఏడుగురితో కమిటీ వేసింది. అందులో మౌలానా ఆజాద్, మన తెలుగువారైన పట్టాభి సీతారామయ్యగారు ఉన్నారు. జెండా అంతా కేసరి రంగే ఉండాలని కమిటీ చెప్పింది గాని కాంగ్రెసు ఒప్పుకోలేదు. ఆ ఆగస్టులో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ ఖాయం చేసి, ఈ రంగులకు మతాలతో సంబంధం లేదని స్పష్టంగా ప్రకటించింది. కాషాయం ధైర్యత్యాగాలకు, తెలుపు సత్యశాంతులకు, పచ్చ విశ్వాసానికి, శౌర్యానికి గుర్తులైనాయి.

1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూజీ జెండా తీర్మానం పెట్టారు. రాట్నం స్థానంలో 24 ఆకుల అశోకచక్రం వచ్చింది. ముస్లింలీగు సభ్యులు ఖలీకుజ్జమాన్, సాదుల్లాగార్లు లేచి తీర్మానాన్ని బలపరచారు. పచ్చరంగు అంటే నేలతో, పైరుపచ్చలతో మనిషికి గల బంధమని రాధాకృష్ణన్ పండితుడు సభలో వివరించారు. చక్రం ఉన్న మొదటి జెండా కుట్టించింది హైదరాబాదు ఆడపడుచు సురయ్యా తయ్యబ్జీ అని ఆమె కుటుంబం వారు చెబుతారు.

అప్పటికి మన ప్రాంతం నిజాం సంస్థానంలో ఉంది. 1947 ఆగస్టు 15న ఇక్కడ ఆ జెండా ఎత్తడమే నేరం. స్వామి రామానంద తీర్థ ఆనాడే అరెస్టయ్యారు. భారతదేశంలో కలవాలని రాసినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో చంపేశారు. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయారు. ఆ తర్వాతి రోజుల్లో సంస్థానంలోని పలు జిల్లాల్లో ఏ పాపం ఎరుగని ముస్లింలు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ గాయం వల్లే మన పెద్దలు జెండా సంగతి పిల్లలకు ఎక్కువగా చెప్పలేదు. ఇక మనం చెప్పాలి.

షోయబుల్లాఖాన్ పచ్చరంగు ఒక్కదాని కోసం ప్రాణం ఇవ్వలేదు. పిల్లలు మళ్లీ అడిగితే ఇలా చెబుదాం: "బేటా, వాటా అడిగితే మనకు దక్కేది మూడోవంతే. అడగకుంటే జెండా అంతా మనదే, అందరిదీ."