మద్యపాన నిరసనము – నాటకమునుండి వాచకము వరకు

ఆంధ్రదేశమున మద్యపాన నిరసన చరిత్రమును వ్రాయువారు సాధారణముగా శాసనములను, ఉద్యమములను మాత్రమే పరిశీలింతురు. ఆ చరిత్రమున రంగస్థలమునకును, పాఠ్యవాచకమునకును పాలు కలదు. తాగుడును నిరసించిన రచన ఎవరిని ఉద్దేశించి మాటలాడెనను ప్రశ్నను, గుంటూరు–ఒంగోలు మండలమును దృష్టియందుంచుకొని, ఇచట పరిశీలింతుము.

ముందుగా ఆధారములను గూర్చి యొక మాట. భారతదేశమున మూకీల కాలమున నిర్మింపబడిన చలనచిత్రములు దాదాపు 1,300. వానిలో నేడు మిగిలినవి బహు స్వల్పము. నైట్రేటు ఫిల్ము త్వరగా మండిపోవునది. 1931లో టాకీలు వచ్చిన పిదప మూకీలకు గిరాకీ పోయెను. ఫిల్మునుండి వెండిని రాబట్టుకొనుటయు నడచెను. రఘుపతి ప్రకాశ్ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ'యు మనకు దక్కలేదు. కావున ఆ తరము తాగుడును గూర్చి ప్రేక్షకులకేమి చెప్పెనో తెలిసికొనుటకు అచ్చుపడిన నాటకములే మనకు ముఖ్యాధారము.

వానిలో గణనీయమైనది కాళ్ళకూరి నారాయణరావుగారి 'మధుసేవ' (1926). వేశ్యాలోలతపై 'చింతామణి'ని, కట్నముపై 'వరవిక్రయము'ను రచించిన యీ కవి, మరణమునకు ముందటి సంవత్సరమున పానదోషమును వస్తువుగా గ్రహించెను. ఇట్టి రచన తాగువాని మనస్సాక్షితో మాటలాడును. దోషము వ్యక్తిది, విమోచనము పశ్చాత్తాపమువలన.

కాని తాగుడు వ్యక్తిదోషము మాత్రమే కాదు. ఆబ్కారీ రాబడి ప్రభుత్వ ఖజానాకు పెద్ద ఆధారము. 1921–22 సహాయనిరాకరణ కాలమున ఆంధ్రజిల్లాలలో కల్లు దుకాణములవద్ద సాగిన పికెటింగు ఆ రాబడిపైననే గురిపెట్టెను. చీరాల–పేరాల, పెదనందిపాడు ఉద్యమములు జరిగిన కాలమును అదియే.

ఒంగోలు సీమకు చెందిన టంగుటూరి ప్రకాశము పంతులుగారి జీవితమున రంగస్థలమును, శాసనమును రెండును కానవచ్చును. బాల్యమున ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి ప్రోత్సాహమున నాటకములలో వేషములు వేసిన ఆయన, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి అయ్యెను. మద్రాసు రాష్ట్రమునుండి సంక్రమించిన మద్యనిషేధమును తొలగింపవలెనని రామమూర్తి సంఘము సిఫారసు చేసెను. ఆ వివాదమున, 1954 నవంబరులో, ఒక్క ఓటు తేడాతో ఆయన మంత్రివర్గము పడిపోయెను. 1972లో ఒంగోలు జిల్లాకు ఆయన పేరే పెట్టబడెను.

మూడవ ఘట్టము పొరుగున నున్న నెల్లూరు జిల్లాలోనిది. 1991–92లో అక్షరాస్యతా కేంద్రములలో 'సీతమ్మ కథ' వంటి పాఠములు చదివిన స్త్రీలలో చర్చ పుట్టెను. దూబగుంట స్త్రీలు తమ యూరి సారా దుకాణమును మూయించిరి. ఆ సంఘటనమే 'ఆడవాళ్లు ఏకమైతే' అను పాఠమై ఇతర గ్రామములకు చేరెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. రెండవది 1997లో సడలింపబడెను.

దీనినిబట్టి మేము గ్రహించిన దేమన: నాటకము తాగువానిని ఉద్దేశించెను, శాసనము అమ్మువానిని, వాచకము ఇల్లాలిని. మూడింటిలో దుకాణమును మూయించినవారి చేతికి ప్రత్యక్షముగా అందినది వాచకమే. అయినను ఖజానా అవసరము తీరనంత కాలము ఏ విజయమును స్థిరము కాజాలదని 1954, 1997 సంవత్సరములు చెప్పుచున్నవి. ఈ మండలపు నాటకసమాజముల కరపత్రములను, పాతప్రతులను సేకరించు పరిశోధకునకు ఈ విషయమున చేయవలసిన పని యింకను ఎంతయో కలదు. మూకీలవలె అవియు నశింపకమునుపే ఆ పని జరుగవలెను.