గడ్డికి తాళం

2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ సుప్రీంకోర్టుకెక్కినప్పుడు ‘కంచ’ అనే మాట మన ఫోన్లలో తెగ తిరిగింది. చాలామంది దాన్ని ఊరిపేరులో ఓ ముక్క అనుకుని వదిలేశారు. హైదరాబాద్‌లోనే, క్షిపణుల మీద పనిచేసే రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఉండే చోటు పేరు విజ్ఞాన కంచ. ఇంతకీ కంచ అంటే పశువుల కోసం కాపాడిన గడ్డినేల. నెల్లూరు జిల్లా చరిత్ర చదవాలంటే ఈ మాట తెలియకుండా కుదరదు.

నెల్లూరుకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నెలల్లో కంచలోకి పశువుని రానివ్వకూడదు. గడ్డి ఎదిగి, కంకి తీసి, గింజ రాల్చాక అప్పుడు తెరవాలి. నిలువునా ఎండిన ఆ గడ్డే వేసవికి మేత, మా ఇంజినీర్ల భాషలో బఫర్. తొందరపడి మొలకనే మేపేస్తే గడ్డి వేళ్ళలో ఏమీ దాచుకోలేదు. పై ఏడాది వాన పడ్డా ఆ నేల లేవదు. నల్లరేగళ్ళలో చెంగలి గడ్డికి అంత పేరు రావడానికి గడ్డి జాతి ఎంత కారణమో, దాన్ని ఎప్పుడు ముయ్యాలో తెలిసిన రైతు కూడా అంతే కారణం.

వాన పూర్తిగా ఎగ్గొడితే మూసిన కంచ కూడా చాలదు. అప్పుడు మందని వెలికొండలకో నల్లమలకో తోలుకుపోవాలి. 1855లో నెల్లూరు ఆనకట్ట పూర్తయ్యాక పెన్న కింద వరి పండే ఊళ్ళకి గడ్డివాము అనే మూడో దారి దొరికింది. మెట్ట ఊళ్ళకి అదీ లేదు, మొదటి రెండే.

దీన్ని స్వర్ణయుగంలా చెప్పడం నాకిష్టం లేదు. కంచలు ఎక్కువగా జమీందార్లవీ పెద్దరైతులవీ. లేనివాడు పశువుకింత అని పుల్లరి కట్టి మేపుకోవాలి. మందలు కాసినవాళ్ళలో యానాదులున్నారు. మంద మాత్రం వాళ్ళది కాదు. అయినా ఆ ఏర్పాటులో ఒక మెలకువ ఉంది: గడ్డిని మూసే హక్కు, మందని కదిలించే హక్కు రెండూ ఆ ప్రాంతపు మనుషుల చేతిలోనే ఉండేవి, ఎంత అసమానంగానైనా.

1876లో మద్రాసు రాజధానిలో రెండు రుతుపవనాలూ తప్పాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో మనుషుల చావుల గురించి చాలా పుస్తకాలు వచ్చాయి. పశువులకి ఆ పుస్తకాల్లో దొరికేది మహా అయితే ఒక అధ్యాయం. మనుషుల కోసం తవ్వించిన కరువు పనుల్లో బకింగ్‌హామ్ కాలవ పని ఒకటి. నెల్లూరు తీరం పొడుగునా సాగే కాలవ అది. చచ్చిపోయిన ఎద్దు మాత్రం కూలిడబ్బులతో తిరిగి రాదు. వాన పడ్డాక దుక్కికి ఎద్దులేని రైతుకి కరువు ఇంకో రెండేళ్ళు నడిచినట్టే.

సరిగ్గా ఆ 1876లోనే మద్రాసు అటవీ అధికారి కర్నల్ బెడ్డోమ్ (ఫెర్న్ మొక్కల మీద పుస్తకాలు రాసినాయనే) ఎండకి తట్టుకునే ఒక అమెరికా ముళ్ళచెట్టు విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశాడు. కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఇవాళ మనం సర్కారు తుమ్మ అంటున్నది దాన్నే. పశువులు కాయలు తింటాయి, గింజలు పేడలో పడి మొలుస్తాయి, దాని కింద గడ్డి రాదు. ఉద్దేశం మంచిదే, వంటచెరకు కావాలి. కానీ బీళ్ళనీ చెరువు కట్టల్నీ అది ఆక్రమించిన తీరు చూస్తే, జనం పెట్టిన ఆ ‘సర్కారు’ అనే విశేషణం ఊరికే రాలేదనిపిస్తుంది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండలు రిజర్వులయ్యాయి, మేపడానికి పర్మిట్టు, పుల్లరి సర్కారుకి. 1871 నాటి పశువుల చట్టం అప్పటికే ఉంది కాబట్టి హద్దు దాటిన ఆవు బందెలదొడ్డికి పోతుంది. మూయడం అనే పని ప్రభుత్వం బాగానే నేర్చుకుంది. కదలడం అనే రెండో సగాన్ని మాత్రం నేరం చేసింది. ఇంగ్లండు నుంచి వచ్చిన వోల్కర్ 1893 నివేదికలో మేతకీ వంటచెరకుకీ విడిగా రిజర్వులు పెట్టమన్నాడు, 1894 అటవీ విధానం పచ్చికబయళ్ళని విడి తరగతిగా గుర్తించింది కూడా. కాగితం మీద అది కంచే. తాళంచెవి మాత్రం రేంజరు దగ్గర. ఈ కోపం పల్నాడులో పుల్లరి సత్యాగ్రహమై, 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు ప్రాణం తీసింది. మనం ఆయన్ని స్వాతంత్ర్య పోరాటం ఖాతాలో వేసి దండ వేస్తాం. ఆయన పోరాడింది గడ్డి కోసమని గుర్తుచేసేవాళ్ళు తక్కువ.

ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలోదే. అందుకే ఆ పశువులు సముద్రం దాటేటప్పుడు నెల్లూరు పేరు తగిలించుకుని వెళ్ళాయి. 1878లో, ఇక్కడ కరువు ముగుస్తున్న ఏడాదే, లెంగ్రుబెర్ అనే బ్రెజిల్ రైతు హాంబర్గ్ జంతుప్రదర్శనశాలలో ఈ జాతి జంటని చూసి కొన్నాడు. 1962లో ఇంకో విడత వెళ్ళినవాటిలో ఒక ఆంబోతుకి ఒంగోలు పక్కనున్న కరవది పేరే ఉంది. బ్రెజిల్ మాంసపు మందల్లో ఇవాళ అత్యధికం నెలోర్ రక్తమే. 2023లో వియాతినా-19 అనే ఆవులో మూడోవంతు వాటా అమ్మితే మొత్తం ఆవు ధర 40 లక్షల డాలర్లు దాటినట్టు లెక్క తేలింది. మనవాళ్ళు ఈ వార్తని గర్వంగా షేర్ చేస్తారు. ఆ ఆవు వెనకున్న బీళ్ళ గురించి ఎవరూ షేర్ చేయరు. అక్కడ ఆఫ్రికా నుంచి తెచ్చిన గడ్డి వేసి, మడులుగా కంచెలు కట్టి, ఒక మడి మేపుతూ ఇంకోదానికి విశ్రాంతినిస్తారు. ఆ బీళ్ళ కోసం అడవులు నరికిన పాపం వేరే కథ.

ఇక్కడ, 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందార్ల బంజర్లు ప్రభుత్వానివయ్యాయి. తర్వాత వాటిలో కొన్ని భూమిలేనివాళ్ళకి పట్టాలుగా వెళ్ళాయి, న్యాయంగానే. కానీ ఊరి ఉమ్మడి మేతకి బదులు ఏమిటని అడిగిన ఫైలు ఏదీ నాకు కనబడలేదు. 1990ల్లో తీరం వెంట రొయ్యల చెరువులు వచ్చాయి. తీరప్రాంతపు చెరువుల మీద 1996లో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పే ఇచ్చింది, చెరువులు మాత్రం ఆగలేదు. ఉప్పునీరు ఊరిన నేలలో మేత గడ్డి తొందరగా రాదు. ట్రాక్టర్ వచ్చి ఎద్దు పని కూడా అయిపోయాక, బీడు కోసం కొట్లాడాల్సిన అవసరం పెద్దరైతుకి పోయింది. పేదవాడి ఇంట్లో మిగిలింది ఒకటో రెండో గేదెలు. వాన తప్పిన ఏడాది వాటి మేత లారీలో రావాలి. లారీ గడ్డి కొనలేనివాళ్ళు సంక్రాంతి దాటగానే గేదెని సంతకి తోలుతారు, వచ్చినకాడికి.