బైబిలు ధ్యానం, ప్రార్థన (తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతం)

కృష్ణా పశ్చిమ డెల్టా క్రైస్తవుల్లో బైబిలు వాక్యాన్ని ప్రార్థనగా మలచుకుని ఆత్మీయంగా ఎదిగే సాధన. తెనాలి, రేపల్లె, బాపట్ల పట్టణాలూ, వాటి మధ్యనున్న పిట్టలవానిపాలెం వంటి మండలాలూ దీని పరిధి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి ఇందులో చాలా భాగం వెళ్లినా, చరిత్ర మాత్రం పాత గుంటూరు జిల్లాదే. ఇక్కడి ఊళ్లకు వాక్యం పుస్తకంగా కంటే ముందు పాటగా, కంఠతగా చేరింది. ఈనాటికీ కనిపించే తీరు చాలావరకు అక్కడి నుంచే వచ్చింది.

తెలుగులో బైబిలు అనువాదానికి 18వ శతాబ్దంలోనే బెంజమిన్ షుల్జ్ పూనుకున్నాడు. ఆ రాతప్రతులు అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు క్రాన్, డిగ్రాంజ్‌లు ఆనందరాయర్ సాయంతో అనువదించిన సువార్తలు వాళ్లిద్దరూ పోయాక, 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. అయితే చదువు రానివారికి అచ్చు పుస్తకం వల్ల ఒరిగేదేముంది? ఆ లోటు తీర్చింది కీర్తన. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి వారి రచనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ ద్వారా శాఖల తేడా లేకుండా అందరి నోళ్లలోనూ నానాయి.

1842 జులై 31న మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరడంతో లూథరన్ మిషన్ మొదలైంది. తెనాలి, రేపల్లె వైపు ఆ సంఘమే బలపడింది. లూథరు ప్రశ్నోత్తరిని పిల్లలకు కంఠతా పట్టించడం వారి పద్ధతి. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన నోటికి వస్తేనే సంఘంలో ఎదిగినట్టు లెక్క. 1927లో ఈ సంఘాలు ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి.

బాపట్ల వైపు అమెరికన్ బాప్టిస్టుల ప్రభావం ఎక్కువ. వారి ప్రార్థన కథ ఒంగోలు కొండ మీద మొదలవుతుంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులూ, ముగ్గురు తెలుగు క్రైస్తవులూ అక్కడ మోకరించి, ఆ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని వేడుకున్నారు. 1866లో జాన్ క్లౌ వచ్చాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న లెక్కను అందరూ చెబుతారు. కరువు కాలంలో బకింగ్‌హాం కాలువ పనికి కూలి ఇప్పిస్తున్నన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడన్న సంగతి మాత్రం అరుదుగా చెబుతారు. ఈ వ్యాసానికి ఆ సంగతే ముఖ్యం: అన్నానికీ విశ్వాసానికీ ముడి పడకూడదన్న జాగ్రత్త అందులో ఉంది.

అలాంటి జాగ్రత్త అన్నిచోట్లా సాధ్యం కాలేదు. 1910ల దశకంలో బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో నేరజాతుల చట్టం కింద ఎరుకల వారికి ఏర్పాటైన సెటిల్‌మెంటును రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) అనే క్రైస్తవ శాఖకు అప్పగించారు. ఈ శాఖలో బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం వంటి సంస్కారాలు ఉండవు. కూటంలో ముందువరుసన ఉండే కరుణాపీఠం దగ్గర మోకరించి మనసు మార్చుకోవడమే వారికి ప్రధానం. సెటిల్‌మెంటులా హాజరు వేయించుకోక తప్పని చోట మోకరించినవారిలో ఎవరిది ఇష్టమో, ఎవరిది భయమో రికార్డులు చెప్పలేవు.

ప్రార్థనను ఒక క్రమమైన సాధనగా తీర్చిదిద్దిన ఘనత మాత్రం తెలుగువాడిదే. లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో రాజమండ్రిలో బైబిల్ మిషన్ స్థాపించారు. పాపపు ఒప్పుకోలు, సమర్పణ, స్తుతి, ఆపైన మాట్లాడకుండా దేవుని సన్నిధిలో ‘కనిపెట్టడం’ ఆయన నేర్పిన పద్ధతి. అడగడం కంటే వినడం పెద్ద ప్రార్థన అన్నది దాని సారాంశం. గుంటూరు దగ్గరి కాకాని దీనికి కేంద్రమైంది. 1941 నుంచి మహాసభలు జరిపిన సువార్తికుడు భక్తసింగ్ సహవాసాలు కూడా తీరప్రాంతంలో వ్యాపించాయి. వాటిలో వాక్యపఠనానిదే పెద్దపీట.

ఇప్పుడు ఊళ్లలో కుటుంబ ప్రార్థన, శుక్రవారపు ఉపవాస కూడిక, శ్రమకాలపు ధ్యానాలు ఏ శాఖకా శాఖ తమవే అనుకుంటున్నా, పద్ధతులన్నీ ఒకదాన్నుంచి మరొకటి తీసుకున్నవే. ఆదివారం ప్రసంగపీఠం ఎక్కువగా పురుషులదే అయినా, వారం మధ్యలో ఇళ్లలో కూడికలు నడిపేది ఎక్కువగా స్త్రీలు.