సైకిల్ తొక్కేవారికి ట్రాఫిక్ రూల్స్: తన్లిన్‌లో నేర్చుకున్న పాఠం

చిన్నప్పుడు సైకిల్ తొక్కి, ఉద్యోగం రాగానే దాన్ని పక్కన పడేసి, విదేశం వచ్చాక మళ్ళీ సైకిల్ ఎక్కిన వాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. కొందరు ఆరోగ్యం కోసం తొక్కుతారు, కొందరు స్టేషన్ దాకా వెళ్ళడానికి, కొందరు పిల్లలతో సరదాగా. కానీ సైకిల్‌కి కూడా ట్రాఫిక్ చట్టం వర్తిస్తుందన్న సంగతి ఫైన్ కాగితం చేతికొచ్చేదాకా మనకు గుర్తుకురాదు. లైసెన్సు లేదు, నంబరు ప్లేటు లేదు, ఇక రూల్స్ ఏమిటి అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకున్నందుకు నష్టపోయింది మాత్రం నేను కాదు, ఇంకొకరు. అందుకే ఈ వ్యాసం.

తన్లిన్‌లో జరిగింది

2018లో ఒక ప్రాజెక్టు పని మీద కొన్ని నెలలు తన్లిన్‌లో ఉన్నాను. యాంగోన్‌కి బాగో నది అవతలి ఒడ్డున ఉన్న ఊరు ఇది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో దీని పేరు సిరియం. నది మీద 1993లో వంతెన వచ్చింది. మధ్యలో రైలు పట్టాలు, రెండు పక్కలా బళ్ళ దారి. ఊరికి దక్షిణంగా తిలావా పారిశ్రామిక మండలం 2015 నుంచి పనిచేస్తోంది. ఊళ్ళోపల మాత్రం సైకిళ్ళు, సైడ్‌కార్లే ఎక్కువ. సైడ్‌కార్ అంటే సైకిల్ పక్కన ఇద్దరు వీపులు ఆనించుకుని కూర్చునే సీటు బిగించిన బండి. మన రిక్షాకి తమ్ముడనుకోండి.

ఒక సాయంత్రం చీకటి పడుతుండగా సైకిల్ మీద సందులోంచి మెయిన్ రోడ్డు ఎక్కాను. సైకిల్‌కి లైటు లేదు. ఇండియా అలవాటు కొద్దీ ఎడమ పక్కనే పోతున్నాను. ఎదురుగా బజారు బుట్టలతో ఒక పెద్దావిడను ఎక్కించుకుని సైడ్‌కార్ వచ్చింది. నన్ను తప్పించబోయి అతను బండిని పక్కకు కోశాడు. ముందు చక్రం కాలవలో పడి రిమ్ము వంగిపోయింది. పెద్దావిడ మోచెయ్యి గీరుకుపోయింది. నాకు ఏమీ కాలేదు.

పక్కనున్న టీ కొట్టులోంచి ఒక ముసలాయన లేచి వచ్చారు. నా మొహం చూసి తెలుగులోనే అన్నారు: "ఏటి బాబూ, ఇక్కడ కుడిపక్కనెల్లాలని తెల్దేటి? లైటు నేదు, ఏటీ నేదు." ఆయన తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబమట.

రిమ్ము, పుల్లలు మార్చడానికి అయిన ఖర్చు ఇచ్చాను. మర్నాడు ఆ ముసలాయనే చెప్పారు, ఆ సైడ్‌కార్ అద్దెదని, తిరిగినా తిరగకపోయినా రోజు అద్దె కట్టాల్సిందేనని. పోలీసుల దాకా వెళ్ళి ఉంటే తప్పు చేసిన నేను ఒక మాట పడి ఇంటికి వచ్చేసేవాణ్ణి. కేసు తేలేదాకా బండి స్టేషన్‌లో ఉంటే మాత్రం, ఏ తప్పూ లేని అతనికి రోజుల కొద్దీ కూలి పోయేది. ఒకటే చట్టమైనా ఇద్దరి మీదా దాని బరువు ఒకలా పడదని నాకు అప్పుడే అర్థమైంది.

పక్క మార్చుకున్న దేశం

బర్మాలో కూడా ఒకప్పుడు మనలాగే ఎడమ పక్కనే నడిచేవారు. 1970 డిసెంబరు 6న దేశమంతా కుడి పక్కకు మారింది. నే విన్ ప్రభుత్వం జ్యోతిష్కుడి మాట విని మార్చిందని జనం చెప్పుకునే కథ ఒకటుంది. కారణం ఏదైనా, నేనున్న రోజుల్లో రోడ్ల మీద కార్లు చాలావరకు జపాన్ నుంచి వచ్చిన పాతవి. వాటి స్టీరింగు కుడి వైపే. అంటే డ్రైవరు రోడ్డు అంచు వైపు కూర్చుంటాడు. ముందున్న బండిని దాటాలంటే కారు సగం బయటికి వస్తే గాని అతనికి ఎదురొచ్చేది కనపడదు. అలాంటి చోట లైటు లేకుండా రాంగ్ సైడులో సైకిల్ తొక్కడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

యాంగోన్ రోడ్లు, మనవాళ్ళు

యాంగోన్ నగరంలో 2003లో మోటారు సైకిళ్ళను నిషేధించారు. నగరం నడిబొడ్డున చాలా ప్రధాన రోడ్ల మీద సైకిళ్ళనూ రానివ్వలేదు. ఇది సైకిల్ తొక్కేవాడు ఎలా తొక్కాలో చెప్పే రూలు కాదు, అసలు రావద్దని చెప్పే రూలు. ఆఫీసరుకి కారు ఉంది, ఇబ్బంది లేదు. కూరగాయల మనిషి, కూలి పనికి వెళ్ళేవాడు చుట్టు తిరిగి పోవాలి, లేదా బస్సు చార్జీ పెట్టుకోవాలి.

ఆ ఊరి రోడ్లతో మనకు పాత సంబంధమే ఉంది. బ్రిటిష్ కాలపు రంగూన్‌లో చేతి రిక్షాలు లాగినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చారు కాబట్టి అక్కడ వాళ్ళను కోరంగీలు అనేవారు. ఓడరేవులో మూటలు మోసిందీ వాళ్ళే, సిరియం రిఫైనరీలో పనిచేసిన వాళ్ళలోనూ మనవాళ్ళున్నారు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె తర్వాత జరిగిన అల్లర్లలో దెబ్బతిన్నదీ వాళ్ళే. రోడ్డు మీద తన కండబలంతో చక్రం తిప్పి బతికేవాడు అందరికంటే తేలిగ్గా దొరుకుతాడు. ఆ మనిషి ఒకప్పుడు తెలుగువాడు.

మన ఊళ్ళో బిళ్ళ, డైనమో

మన నాన్నల తరాన్ని అడగండి, సైకిల్‌కి చట్టం లేదంటే నవ్వుతారు. అప్పట్లో మునిసిపాలిటీకో పంచాయతీకో ఏటా పన్ను కట్టి, ఇచ్చిన బిళ్ళను సైకిల్‌కి తగిలించుకోవాలి. రాత్రిపూట డైనమో లైటు లేకపోయినా, డబుల్స్ ఎక్కించుకున్నా పోలీసు ఆపేవాడు. జరిమానా కట్టలేకపోతే చక్రాల్లో గాలి తీసేసేవాడు. కుర్రాడు సైకిల్ నెట్టుకుంటూ ఇల్లు చేరేవాడు. ఇందులో లైటు రూలు ప్రాణం కాపాడేది. బిళ్ళ రూలు ఖజానాకి పనికొచ్చేది. రెండూ ఒకే పోలీసు అమలు చేసేసరికి జనానికి తేడా తెలియకుండా పోయింది.

ఇప్పుడు ఇండియాలో చట్టం

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం మామూలు సైకిల్ మోటారు వాహనం కాదు. కాబట్టి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 250 వాట్లకు మించని మోటారు, గంటకు 25 కిలోమీటర్లకు మించని వేగం ఉన్న బ్యాటరీ సైకిల్‌కి కూడా నిబంధనలకు లోబడి ఈ మినహాయింపు ఉంది. అలాగని సైకిల్‌కి చట్టమే లేదనుకోకండి. ఇతరుల ప్రాణానికి ముప్పు వచ్చేలా బండి నడిపితే శిక్షించే భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ సైకిల్‌కీ వర్తిస్తుంది. 2024 జూలై 1 దాకా ఇదే పాత ఐపీసీ 279. ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇక నిషేధాల సంగతి. కోల్‌కతాలో పోలీసులు 2008లో 38 రోడ్ల మీద సైకిళ్ళను ఆపారు. 2013లో ఆ జాబితాను 174 రోడ్లకు పెంచారు. పాలవాళ్ళు, పేపరు కుర్రాళ్ళు, చిన్న వ్యాపారులు రోడ్డెక్కి గొడవ చేశాక 62కి తగ్గించారు. హైదరాబాద్‌లో ఇంకో రకం. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. చాలా బాగుంది. కానీ వాచ్‌మన్ ఇంటి నుంచి అపార్ట్‌మెంటుకి వెళ్ళే దారిలో అది పడదు.

మనం ఉండే దేశాల్లో

జపాన్: 2024 నవంబరు 1 నుంచి సైకిల్ తొక్కుతూ ఫోన్ వాడటం మీద కఠిన శిక్షలు వచ్చాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి, 16 ఏళ్ళు నిండిన వాళ్ళకు అక్కడికక్కడే ఫైన్ టికెట్ ఇచ్చే పద్ధతి. ఫోన్‌కి 12,000 యెన్లు, ఎర్ర సిగ్నల్ దాటితే 6,000. టోక్యోలో 2020 ఏప్రిల్ నుంచి సైకిల్‌కి బీమా కూడా తప్పనిసరి.

సింగపూర్: రోడ్డు మీద గుంపుగా తొక్కేటప్పుడు అయిదు వరసలకు మించకూడదు. 2022 జనవరి 1 నుంచి ఫైన్ 150 సింగపూర్ డాలర్లు.

ఆస్ట్రేలియా: అందరికీ హెల్మెట్ తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం విక్టోరియా, 1990లో. న్యూ సౌత్ వేల్స్ 2016 మార్చిలో హెల్మెట్ ఫైనును 71 డాలర్ల నుంచి ఒకేసారి 319కి పెంచింది.

బ్రిటన్: ఫుట్‌పాత్ మీద సైకిల్ తొక్కకూడదన్న రూలు 1835 నాటి హైవే చట్టంలోది. ఇప్పటికీ అమల్లో ఉంది.

నెదర్లాండ్స్: సైకిళ్ళకు స్వర్గమైన ఈ దేశం కూడా 2019 జూలై 1 నుంచి చేతిలో ఫోన్ పట్టుకుని తొక్కడాన్ని నిషేధించింది.

అమెరికా: చాలా రాష్ట్రాల్లో సైకిల్‌కి మిగతా బళ్ళకున్న హక్కులూ బాధ్యతలూ ఉంటాయి. ఐడహో మాత్రం 1982 లోనే స్టాప్ గుర్తు దగ్గర పూర్తిగా ఆగకుండా, చూసుకుని వెళ్ళే వీలిచ్చింది. న్యూయార్క్‌లో 2025 ఏప్రిల్ చివర సిగ్నల్ దాటడం వంటి తప్పులకు మామూలు టికెట్ బదులు క్రిమినల్ సమన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. కోర్టు మెట్లెక్కడానికి ఎక్కువ భయపడింది తిండి పొట్లాలు అందించే వలస కార్మికులు. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ ఇంకో అనుభవం చూసింది. అక్కడ హెల్మెట్ టికెట్లు ఇళ్ళు లేనివాళ్ళకే ఎక్కువగా పడుతున్నాయని తేలాక, 2022 ఫిబ్రవరిలో ఆ రూలునే ఎత్తేశారు. హెల్మెట్ మంచిదే, పెట్టుకోండి అనే చెప్పారు. దాన్ని అమలు చేసిన తీరే బాగాలేదన్నారు.

మరి ఏది అమలు చేయాలి?

ఇవన్నీ చూశాక నా అభిప్రాయం ఇది. లైటు, సరైన పక్క, సిగ్నల్, ఫోన్, తాగి తొక్కడం, నడిచేవాళ్ళకు దారి ఇవ్వడం: ఈ రూల్స్ సైకిల్ మీదున్న వాణ్ణీ, ఎదుటివాణ్ణీ కాపాడతాయి. వీటిని అమలు చేయాల్సిందే. ఖరీదైన సైకిల్ తొక్కే నాకైనా, సైడ్‌కార్ అతనికైనా ఒకేలా చేయాలి. కానీ కార్లకు అడ్డొస్తున్నారని సైకిళ్ళను రోడ్డు మీంచి తరిమేసేది, ఫైను కట్టలేనివాడి బండి లాక్కునేది భద్రత కాదు. బండి అతని అన్నం గిన్నె. లైటు లేని పేదవాడికి ఫైను వేసే బదులు ఒక లైటు ఇస్తే ఖర్చూ తక్కువే, ఫలితమూ ఎక్కువే.

గుర్తుంచుకోండి

1. కొత్త దేశంలో సైకిల్ ఎక్కే ముందు ఏ పక్కన నడవాలో చూసుకోండి. మలుపు తిరిగిన ప్రతిసారీ మళ్ళీ గుర్తు చేసుకోండి. అలవాటు మనల్ని మోసం చేసేది అక్కడే.
2. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు పెట్టించుకోండి.
3. ఫుట్‌పాత్ మీద తొక్కవచ్చా, హెల్మెట్ తప్పనిసరా అన్నది ఊరిని బట్టి మారుతుంది. స్థానిక ప్రభుత్వ సైట్‌లో చూడండి.
4. బ్యాటరీ సైకిల్ కొనేముందు అక్కడి వాట్లు, వేగం పరిమితి కనుక్కోండి. మించితే అది మోటారు వాహనం అవుతుంది.
5. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు, సైకిల్ తొక్కే పిల్లలకు ఇవన్నీ ముందే చెప్పండి.
6. మీ వల్ల ఎవరికైనా నష్టం జరిగితే బండి రిపేరుతో సరిపెట్టకండి. వాళ్ళకు పోయిన రోజు కూలి కూడా లెక్కలోకి తీసుకోండి.

ఆరోది నేను ఒక రోజు ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ రెండు రోజుల అద్దె, కూలి డబ్బులు టీ కొట్టు ముసలాయన చేతికిచ్చి పంపించాను. అతను తీసుకున్నాడని, "లైటు కొనుక్కోమని చెప్పండి" అన్నాడని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రమే కొన్నాను.