హయాటల్ హెర్నియా: రోజూ గ్యాస్ బిళ్ల వేసుకుంటున్నారా?.. ఆపరేషన్ ఎవరికి అవసరమంటే!

రాజమండ్రి అయినా, అమలాపురం అయినా.. మెడికల్ షాపులో తరచూ వినిపించే మాట ‘ఒక గ్యాస్ బిళ్ల ఇవ్వండి’. అన్నం తిన్నాక గుండెల్లో మంట, పడుకుంటే గొంతులోకి పుల్లటి నీళ్లు.. నెలల తరబడి ఇలాగే ఉంటే అది హయాటల్ హెర్నియా కావొచ్చు.

అసలేంటిది?
ఛాతీకి, పొట్టకు మధ్య అడ్డుగోడలా ఉండే కండరం డయాఫ్రమ్. అందులోని రంధ్రం గుండా అన్నవాహిక కిందికి దిగుతుంది. ఆ రంధ్రం వదులైతే జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారుతుంది. వయసు, ఊబకాయం, తగ్గని దగ్గు ఇందుకు కారణాలు.

అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు
దాదాపు 95 శాతం మందిలో ఉండేది ‘స్లైడింగ్’ రకమే. మందులు వాడటం, బరువు తగ్గడం, పడుకోవడానికి 3 గంటల ముందే తినేయడంతో చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. మందులకు లొంగకపోతేనో, అన్నవాహిక పుండు పడితేనో సర్జరీ ఆలోచిస్తారు. జీర్ణాశయం అన్నవాహిక పక్క నుంచి పైకెళ్లే రకం మాత్రం జాగ్రత్త.. అది మెలిపడితే ప్రాణాలకే ముప్పు.

ఎలా చేస్తారు?
ముందు ఎండోస్కోపీ, బేరియం ఎక్స్‌రే, అన్నవాహిక కదలికలు చూసే మానోమెట్రీ వంటి పరీక్షలు ఉంటాయి. తర్వాత మత్తు ఇచ్చి, పొట్టపై నాలుగైదు చిన్న రంధ్రాలు పెడతారు. జీర్ణాశయాన్ని కిందికి దించి, వదులైన రంధ్రాన్ని కుట్లతో బిగిస్తారు. జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చివర కండువాలా చుట్టి కుడతారు. ఇదే ఫండోప్లికేషన్. 1956లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ వెల్లడించిన ఈ పద్ధతిని 1991 నుంచి లాపరోస్కోపీలో చేస్తున్నారు.

ఇంటికొచ్చాక..
చాలామంది రెండు మూడు రోజుల్లో డిశ్చార్జ్ అవుతారు. కొన్ని వారాలు జావ, మెత్తని పెరుగన్నం లాంటివే తినాలి. సోడా, కూల్‌డ్రింక్ వద్దు. ధాన్యం బస్తాలు మోసే పనికి డాక్టర్ సరేనన్నాకే వెళ్లాలి. మొదట్లో ముద్ద దిగడం కష్టంగా, పొట్ట ఉబ్బరంగా ఉండొచ్చు. కొందరికి ఏళ్ల తర్వాత హెర్నియా తిరగబెట్టే అవకాశమూ ఉంది.

ఎక్కడ చూపించుకోవాలి?
రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల్లో ముందు ఓపీ చూపించుకోవచ్చు. ప్రైవేటుకు వెళ్తే, ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) వర్తిస్తుందో లేదో అడ్మిట్ కాకముందే వైద్యమిత్రను అడగండి.

ఇది మర్చిపోవద్దు
ఛాతీ నొప్పితో పాటు చెమటలు పట్టినా, నొప్పి చేతికి పాకినా గ్యాస్ అని ఊరుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.. ముందు ఈసీజీ తీయించాలి. వాంతి రాబోయి రాక, పైకడుపులో భరించలేని నొప్పి వచ్చినా ఎమర్జెన్సీయే.

గమనిక: ఇది అవగాహన కోసం మాత్రమే. చికిత్సపై నిర్ణయం డాక్టర్ సలహాతోనే తీసుకోండి.