ఇంటిలో కట్టిన ఆంప్లిఫయరు – దానిలోని రొద

హైదరాబాదు తూర్పున దిల్‌సుఖ్‌నగరు మీదుగా లాల్ బహదూర్ నగరు వరకు 2018 నుండి మెట్రో రైలు నడుచుచున్నది. ఆ దారి ప్రక్కనే సరూర్‌నగరు. ఒకప్పుడు నిజాము రాజ్యపు రేడియో గొంతు ఈ దిక్కునుండియే నాలుగు దిక్కులకు వెలువడెనన్న సంగతి ఇక్కడ కాపురముండు వారిలో ఎందరికి జ్ఞాపకమున్నదో!

ఆ రేడియో పుట్టుకయు ఒక విధముగా ఇంటి ప్రయత్నమే. 1930 దాటిన తొలి యేండ్లలో మహబూబ్ అలీ యను తపాలా శాఖ ఉద్యోగి ఆబిడ్సు చెంత చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల చిన్న కేంద్రమును నెలకొల్పెను. 200 వాట్లనగా రెండు పెద్ద బల్బులు వెలుగుటకు చాలు శక్తి. 1935లో అది నిజాము ప్రభుత్వపుదై దక్కన్ రేడియోగా ప్రసిద్ధికెక్కెను. 1939 నాటికి సరూర్‌నగరు వద్ద 5 కిలోవాట్ల యంత్రము 411 మీటర్లపై పలుకసాగెను. 1950 ఏప్రిల్ 1వ తేదీన భారత ప్రభుత్వము దానిని స్వీకరించెను.

ప్రసారమైనను, ఇంటి ఆంప్లిఫయరైనను, పోరు ఒక్కటే: చిన్న ధ్వనిని పెద్దది చేయవలెను, దానితోబాటు రొద పెరుగరాదు. ఈ రొద రెండు జాతులు. ఒకటి బుస, రెండవది ఝుంకారము. వాల్వులో ఎలక్ట్రానులు వానచినుకులవలె విడివిడిగా పడుటచే బుస పుట్టునని 1918లో జర్మనీ శాస్త్రజ్ఞుడు షాట్కీ చెప్పెను. 1928లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్సను తాను కొలిచిన మరియొక వింతను ప్రకటించెను: విద్యుత్తు పారకున్నను, వేడిమి యున్నంత మాత్రముననే ప్రతి రెసిస్టరును బుసకొట్టును. అచటనే నైక్విస్టు దానికి లెక్క కట్టెను. ఆ లెక్క చొప్పున 10,000 ఓముల రెసిస్టరు, 27 డిగ్రీల వేడిమిలో, మన చెవికందు 20,000 సైకిళ్ల మేరకు, సుమారు 1.8 మైక్రోవోల్టుల రొద నిచ్చును. దీనిని ఏ పనివాడును పోగొట్టలేడు. 1927లో హెరాల్డ్ బ్లాకు, పనికి పోవుచు పడవలో కూర్చుండి, వార్తాపత్రిక పుటపై గీసిన ఋణ ప్రతిపోషణ పద్ధతి ధ్వనిలోని వంకరలను సరిదిద్దినది గాని, ఈ బుసను మాన్పలేదు.

ఇక బహుమార్గ ధ్వని. 1931లో ఇంగ్లండులో బ్లూమ్లైన్ స్టీరియోకు పేటెంటు కోరెను. 1940లో డిస్నీవారి ఫాంటాసియా చిత్రమునకు పలు మార్గములు వాడిరి. 1990 తరువాత సినిమాహాళ్లలోను, పిమ్మట డీవీడీలతో ఇండ్లలోను, ఆరు మార్గముల మోజు ప్రవేశించెను. పెద్ద కంపెనీల పెట్టెలు కొనలేనివారు కోఠీ గుజరాతీ గల్లీకి పోయి ట్రాన్స్‌ఫార్మరు, కండెన్సర్లు, టీడీఏ 2030 చిప్పులు కొని తెచ్చుకొనిరి. ఆ బేహారులు సరకుతోబాటు సలహాయు నిచ్చుచుండిరి; అందులో సగము మేలైనది.

మేమును అట్టివారమే. సినిమాల సరదా ఒకటి. మా తండ్రిగారు 1970లలో పాడిన తత్త్వముల కాసెట్టు మరియొకటి. ఆయన గతించిరి. ఆ పాట మరీ సన్నగా పట్టబడుటచే ఏ పెట్టెలో పెట్టినను రొదలో మునిగిపోవుచుండెను. దిల్‌సుఖ్‌నగరులోని మా ఇంటి వెనుకగదిలో ఆరు మార్గములు కట్టి, మీట నొక్కగా తుమ్మెదల గుంపు లేచినట్లయ్యెను.

పరీక్ష సులువే. లోనికి ధ్వని వచ్చు తీగల కొనలను ఒకదానికొకటి కలిపి మూసి, స్పీకరు బదులు 8 ఓముల రెసిస్టరు పెట్టి, ధ్వనిమీట పూర్తిగా త్రిప్పి, మిల్లీవోల్టుమీటరుతో చూడవలెను. మాకు 14 మిల్లీవోల్టులు కనబడెను. నిండు ధ్వనికి 10 వోల్టులు. అనగా ధ్వనికిని రొదకును నడుమ అంతరము 57 డెసిబెల్లు మాత్రమే. ఆరు మార్గములలో బాధ మరింత. ఒక్కొక్క మార్గపు బుస దేని దారి దానిదే గనుక, ఆరింటి బుస కలిసినను రెండున్నర రెట్లకు మించదు. ఝుంకారమో, ఒకే ట్రాన్స్‌ఫార్మరు బిడ్డ. ఆరును ఒకే తాళమున పలుకును గనుక ఆరు రెట్లగును!

చిప్పులు మార్చితిమి, ఫలము లేదు. తప్పు భూమితీగలో నున్నది. ఆరు మార్గముల భూమితీగలను గొలుసువలె ఒకదానినుండి మరియొకదానికి లాగితిమి. కరెంటు 50 సైకిళ్లదైనను, దిద్దిన పిదప కండెన్సర్లు సెకనుకు 100 మారులు గుక్కగుక్కగా నిండును. ఆ గుక్కలన్నియు మా గొలుసుగుండ పారుచుండెను. వానిని విప్పి ఒక్కొక్కటిగా కండెన్సర్ల నడిమి బిందువునకు చేర్చగా 3 మిల్లీవోల్టులకు దిగెను. ట్రాన్స్‌ఫార్మరును కొంచెము కొంచెముగా త్రిప్పిచూచితిమి. ఒకచోట 1కి వచ్చెను. ఆపైన వారము దినములు ఒక్క అడుగు కదలలేదు. పొరుగింటి పంకా రెగ్యులేటరును అనుమానించి వారిని నొప్పించితిమి కూడ. తుదకు విసుగుతో మీటరు ఊడదీసి స్పీకరు తగిలించగా ఆ రొద లేదు. గోడప్లగ్గు భూమితో ముడిపడిన మా మీటరే రెండవ భూమిదారియై ఝుంకారమును పుట్టించుచుండెను! బ్యాటరీతో నడచు మీటరు నెరువు తెచ్చి చూడగా అరమిల్లీవోల్టు. 86 డెసిబెల్లు. పొరుగువారికి క్షమాపణ చెప్పుకొంటిమి.

ఆ రాత్రి కాసెట్టు పెట్టితిమి. బుస పోలేదు, అది టేపుదే. ఝుంకారము పోయిన చోట, పాటకు ముందు నాయనగారు దగ్గి, తంబురా శ్రుతి ఒకపిసరు హెచ్చింపుమని ఎవరితోనో అనుట మొదటిసారి స్పష్టముగా వినబడెను. ఎవరితోనని అడుగగా, "నాతోనేరా," అని మా అమ్మ చెప్పెను.