కాగితానికి సంబంధించిన పాత పదాలు

తెలుగులో కాగితానికి, దాని కొలతలకు, దానిపై వ్రాసుకొనే పత్రాలకు వాడుతూ వచ్చిన మాటలలో కొన్ని తాటాకుల కాలం నాటివి. కొన్ని పారశీక, ఉర్దూ భాషల ద్వారా, మరికొన్ని ఇంగ్లీషు కచేరీలు, అచ్చుకూటాల ద్వారా వచ్చినవి. వీటిలో అనేకం నేడు వాడుక తప్పాయి. మరికొన్ని అర్థం మారి నిలిచాయి. పాత ఉత్తరాలు, పుస్తకాల వివరాలు, ముఖ్యంగా భూమి పత్రాలు చదివేవారికి ఈ పాత అర్థాలు తెలియడం అవసరం.

తాటాకు నాటి మాటలు

కాగితం రాకముందు వ్రాతకు ఆధారం తాటాకు. అందువలన ఉత్తరానికి 'కమ్మ' అనే పేరు ఉండేది. సంస్కృతంలో ఆకు అని అర్థమిచ్చే 'పత్రం' నేటికీ దస్తావేజులకు, వార్తాపత్రికలకు వాడుకలో ఉంది. ఇంగ్లీషులోనూ ఇదే జరిగింది. పుస్తకంలోని ఒక్కొక్క కాగితాన్ని ఆకు అనే అర్థంలో 'లీఫ్' అంటారు. 'ఫోలియో'కు మూలమైన లాటిన్ పదానికి కూడా ఆకు అనే అర్థం. 'పేపర్' అనే మాట ఈజిప్టులో పెరిగే పాపిరస్ అనే నీటిమొక్క పేరు నుండి వచ్చింది.

గ్రామ లెక్కలు వ్రాసిన తాటాకుల కట్టను 'కవిలె' అనేవారు. కరణాల వద్ద ఉండే 'దండకవిలెలు' కల్నల్ కాలిన్ మెకంజీ (1754-1821) సేకరింపజేసిన గ్రామచరిత్రలకు ఒక ముఖ్య ఆధారం. గుడ్డకు బొగ్గుపొడి, చింతగింజల జిగురు పట్టించి, మడతలుగా చేసి, బలపంతో వ్రాసుకొనే నల్లని పుస్తకాన్ని 'కడితం' అనేవారు. తుడిచి మళ్ళీ వ్రాయవచ్చు కనుక దీనిని పలక, పుస్తకం కలిసిన వస్తువు అనుకోవచ్చు.

కాగితం, దస్తా, ఠావు

'కాగితం' పారశీకంలోని కాగజ్‌కు తెలుగు రూపం. తెలంగాణలోని కాగజ్‌నగర్ పట్టణం పేరులో మూలరూపమే నిలిచింది. అక్కడి సిర్పూర్ కాగితపు మిల్లు 1938లో నిజాం పాలనలో స్థాపితమైంది. అంతకుముందు నిజాం రాజ్యంలో చేతితో కాగితం తయారయ్యేది. అందుకు కోరుట్ల పేరుపొందింది.

పారశీకంలో దస్త్ అంటే చేయి. చేతికి పట్టినంత కట్ట 'దస్తా'. చేవ్రాలు 'దస్తఖతు'. 'దస్తావేజు'లో ఉన్నదీ ఆ చేయే. కాగితాల లెక్కలో 24 ఠావులు ఒక దస్తా, 20 దస్తాలు ఒక రీము, అనగా 480 ఠావులు. నేడు రీము అంటే 500. పాత పుస్తకాల ఖర్చుల లెక్కలు చూసేటప్పుడు ఈ తేడా గమనించాలి. 'రీము' కూడా ఇంగ్లీషుకు సొంతం కాదు, మూట అనే అర్థం గల అరబ్బీ పదం స్పానిష్, ఫ్రెంచి భాషల మీదుగా అక్కడికి చేరింది.

ఇంగ్లీషు కొలతల పేర్లు

పరీక్షలు, అర్జీలు వ్రాసిన 'ఫుల్‌స్కేప్' కాగితం పేరులోని మొదటి భాగాన్ని నిండు అనే అర్థంలో తీసుకోవడం కద్దు. అది పొరపాటు. 15వ శతాబ్ది నుండి ఐరోపా కాగితంపై నీటిగుర్తుగా కనిపించే విదూషకుని గంటల టోపీయే ఈ పేరుకు మూలం. 17 అంగుళాల పొడవు, 13½ అంగుళాల వెడల్పు గల ఠావును మధ్యకు మడిస్తే మనకు తెలిసిన పొడుగు కాగితం వస్తుంది. ఏ4 కాగితం వచ్చాక ఇది వెనుకబడింది. 15, 20 అంగుళాల 'క్రౌను'కు కిరీటపు నీటిగుర్తు వలన ఆ పేరు వచ్చింది. 'డెమ్మీ' అంటే ఫ్రెంచిలో సగం. తెలుగు పుస్తకాల వివరాలలో క్రౌను, డెమ్మీ మాటలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

ఇంగ్లీషు మన వైపు నుండి తీసుకున్నదీ ఉంది. హిందీలోని చిట్ఠీ నుండి ఇంగ్లీషు 'చిట్' పుట్టింది. తెలుగులోని 'చీటీ' దీనికి దగ్గరి చుట్టం. ఇంగ్లీషు మాట 'చిట్‌ఫండు' రూపంలో తిరిగి మన ఊళ్ళకే చేరింది.

తెల్లకాగితం

ఎన్టీఆర్ జిల్లా (2022 వరకు కృష్ణా జిల్లా) గంపలగూడెం మండలంలోని వినగడప వంటి తిరువూరు ప్రాంతపు గ్రామాలకు ఖమ్మం జిల్లా పొరుగున ఉంది. 1956కు ముందు ఈ రెండు జిల్లాలు వేర్వేరు రాష్ట్రాలవి. అందువలన ఒకే వ్యవహారానికి రెండు పదజాలాలు ఏర్పడ్డాయి. ఇటు తమిళం నుండి వచ్చిన 'అడంగల్', అటు 'పహాణీ'. ఇటు 'తెల్లకాగితం మీద కొనడం', అటు 'సాదా బైనామా'. సాదా అంటే ఏమీ లేని ఉత్త కాగితం, బైనామా అంటే అమ్మకపు పత్రం.

పాత కాగితాలలోని 'క్రయచీటీ' అనే మాటను చూచి అది నమోదైన దస్తావేజు అనుకోరాదు. చీటీ అన్నది వ్రాతకు పేరు మాత్రమే, నమోదుకు గుర్తు కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 100 రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకపు పత్రం తప్పక నమోదు కావాలి. ఈ నియమం ఉన్నా, ఖర్చుకు వెరచి, నమ్మకంతోనూ తెల్లకాగితంపై భూములు చేతులు మారాయి. కొన్నవారు సాగు చేసుకున్నా, లెక్కలలో పేరు అమ్మినవారిదే ఉండిపోయేది. ఇటువంటి కొనుగోళ్ళను క్రమబద్ధం చేయడానికి 1971 నాటి భూమి హక్కుల చట్టంలో 5-ఎ అనే సెక్షను చేర్చారు. తెలంగాణలో 2020లో సాదా బైనామాలకు మరొకసారి దరఖాస్తులు తీసుకున్నారు.